కిరాణీగారి హావు

మెర్దెకా కోసం, అంటే ఈ మలయా స్వాతంత్ర్యం కోసం, ఆయన జైలుకు వెళ్ళలేదు. ముందు ఇది తేల్చుకుందాం, పూలదండల సంగతి తరవాత చూద్దాం.

పోయిన ఆదివారం పట్నంలో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో మన తెలుగు సంఘం హాల్లో ఆయన సంతాపసభ జరిగింది. మైకు పట్టుకున్న ప్రతి పెద్దమనిషీ అవే రెండు ముక్కలు చెప్పాడు. ఇక్కడి ఎమర్జెన్సీ రోజుల్లో ఆయన తెల్లవాళ్ళను ఎదిరించి నిర్బంధంలోకి వెళ్ళాడట. అమెరికాలో ఒక ఆదివాసీ జాతి మాట్లాడేది తెలుగేనని ప్రపంచానికి నిరూపించాడట. రెండో ముక్కకు చప్పట్లు ఎక్కువ పడ్డాయి. కాఫీ వచ్చేలోగా తెలుగు అమెరికా దాకా వెళ్ళి వచ్చేసింది. వడలు కూడా ఉంటే ఐరోపా మనదయ్యేది, కానీ హాలు ఖాళీ చేసే వేళైంది.

నేను వెనక వరసలో కూర్చున్నాను. నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. నేను మాట్లాడితే సభ చెడుతుందని వాళ్ళకు అనుభవం. అందుకే రాస్తున్నాను. ఆయన పోలీసు స్టేషన్లో ఉన్నది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. ఎదిరించింది తెల్లవాణ్ణి కాదు, ఒక తెలుగు కంగాణిని, అంటే కూలీల మీద పెద్దను, అదీ తెలియకుండా. చేసిన నేరం ఆ కంగాణికి కృతజ్ఞత చెప్పడం.

పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆయనకు గిట్టేది కాదు. తోటలో అందరికీ ఆయన కిరాణీగారు. ఆంధ్రా నుంచి ఇది చదివేవాళ్ళు పప్పులూ బెల్లమూ అనుకోకండి. ఇక్కడ కిరాణీ అంటే తోట ఆఫీసులో గుమాస్తా. బంటింగ్ దగ్గర ఆ రబ్బరుతోట తెలుగుబడికి నేను పంతులమ్మగా వెళ్ళేనాటికి నా బి.ఏ. కొత్తది, నా నోరు పాతది. ఆయన మొదటి రోజే బడికి వచ్చి, నేను నల్లబల్ల మీద రాసింది చదివి, ఒక దీర్ఘం దిద్ది వెళ్ళిపోయాడు. దీర్ఘం నేను రాసిందే సరైనది. ఆయన వెళ్ళాక మళ్ళీ దిద్దుకున్నాను.

ఆయన చంకలో ఎప్పుడూ ఒక గొడుగు ఉండేది. ఎండకీ తెరవడు, వానకీ తెరవడు. తెరిస్తే పాడవుతుందని నమ్మకం. ఎవరు మాట్లాడినా తల పక్కకు వంచి, వైద్యుడు దగ్గు విన్నట్టు వినేవాడు. వాళ్ళు చెప్పే సంగతి ఆయనకు పట్టదు. వాళ్ళ కూతురు పారిపోయిందని ఏడుస్తున్నా సరే, విని, "ఆ మాట అలా కాదమ్మా" అనేవాడు.

ఆయన తల్లి ఆయన్ను చంకలో వేసుకునే ఓడ దిగింది. కూలీల ఇళ్ళ లైన్లలో ఉండి, రబ్బరు గీసి, కొడుకును చదివించింది. కొడుకు ఆఫీసు మెట్లెక్కగానే చేసిన మొదటి పని తల్లి నోరు కట్టేయడం. ఏటి అనకూడదు, ఏమిటి అనాలి. నేదు అనకూడదు, లేదు అనాలి. అన్నిటికన్నా ముఖ్యంగా నలుగురిలో తనను ఒరే అనకూడదు. మానేజరు దొర కూడా తనను మిస్టర్ అంటాడని ఆయన వాదన.

"దొరకి నువ్వు పుట్నేదు గదరా బావూ" అంది ముసలమ్మ. అని, నలుగురిలో ఒరే అనడం మానేసింది. వరండాలో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు నన్ను మనిషిగా లెక్కవేసేది కాదు కాబట్టి అనేది.

ఇక ఆ అమెరికా సంగతి. యుద్ధానికి ముందు క్లాంగ్‌లో కొన్నాళ్ళుండి వెళ్ళిన ఒక అమెరికా పాదిరీ తన పాత పుస్తకాలు పంచిపెట్టాడు. అందరూ బొమ్మలున్నవి తీసుకోగా మనవాడికి మిగిలింది కటాబా భాష పుస్తకం. పేజీ నిండా ఆ భాషలో కథలు, ప్రతి మాట కిందా ఇంగ్లీషు. కరోలినాలో ఒక నది ఒడ్డున మట్టికుండలు చేసుకుని బతికే జనం వాళ్ళు. పిల్లలంతా ఇంగ్లీషులోకి వెళ్ళిపోయారు, భాష నలుగురైదుగురు ముసలివాళ్ళ దగ్గర మిగిలింది. అప్పుడు పండితులు రైలెక్కి వెళ్ళి, ఆ ముసలమ్మల ముందు కూర్చుని, దీన్ని ఏమంటారు, దాన్ని ఏమంటారు అని అడిగి, వాళ్ళు గొంతు సవరించుకున్నా రాసుకున్నారు. ఇది చెప్పేటప్పుడు కిరాణీగారి కళ్ళు చెమర్చేవి.

"ఒకావిడ ఒకలా చెప్పింది, ఇంకొకావిడ కాదంది. వాళ్ళు రెండూ రాసుకున్నారు టీచరమ్మా. తప్పు అనలేదు."

"మీ వెనక వరండాలో కూడా ఒక ముసలమ్మ ఉంది కిరాణీగారూ. రైలు కూడా ఎక్కక్కర్లేదు."

"అది భాష కాదమ్మా, అపభ్రంశం."

"కుండలు చేసే ఆవిడది భాషా, రబ్బరు గీసే ఆవిడది అపభ్రంశమా?"

"వాళ్ళు చివరివాళ్ళు. మనకేం, కోట్లమంది ఉన్నారు."

"ఈ తోటలో ఎన్ని కోట్లు?"

ఆయన గొడుగు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఓడిపోయినప్పుడల్లా ఆ గొడుగు జారేది.

కటాబా మీద ఆయనకు అంత ప్రేమ ఎందుకో నాకు తెలుసు. భూమికి ఈ పక్క ఆ భాషలో ఆయనను తప్పు పట్టగలిగినవాడు ఒక్కడు లేడు. కూలీ యాస అని నవ్వేవాడు లేడు. ఉచ్చారణ పూర్తిగా ఆయన సొంతం. ఆ నది ఒడ్డు ముసలమ్మలు వింటే ఇదేదో మలయా భాష అనుకుని ఉండేవారు. తోట కుక్కలను "తాన్సి, తాన్సి" అని పిలిచేవాడు. కటాబాలో కుక్కకు అదే పేరట. కుక్కలు తోక ఊపేవి. ఆయన శిష్యవర్గం అంతవరకే.

ఆ భాషలో వాక్యం చివర "రే" వస్తుంది. ఇది ఖాయం, నేను చెబుతున్నాను అనే అర్థంలో. ఇక్కడి మలాయివాళ్ళను చూసి మన పిల్లలు ప్రతి మాట చివరా "లా" తగిలించినట్టా అని అడిగితే ఒక వారం నాతో మాట్లాడలేదు. రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని పుస్తకం పైకి చదివేవాడు. రే, రే, రే. తల్లి నోట్లోంచి ఊడబెరికిన మాటను తన నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నట్టు ఉండేది.

"ఎవుర్నిరా అలగ రే అంటన్నావు?" అనేది ముసలమ్మ లోపలినుంచి.

"ఎవర్నీ కాదు. అది ప్రత్యయం."

"నానంటే తప్పు. నువ్వంటే పెత్తయమేటి?"

ఒకరోజు నేనుండగా ఆవిడ కాఫీ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన పుస్తకంలోంచి తలెత్తకుండానే "హావు" అన్నాడు.

"ఆవేటి? డబ్బా పాలే గదా" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

హావు అంటే వాళ్ళ భాషలో కృతజ్ఞత అని ఆయన నాకు చెప్పాడు.

"తెలుగులో చెప్పకూడదా?" అన్నాను.

"తెలుగులో ఏమని చెబుతాం టీచరమ్మా?"

వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను. ధన్యవాదాలంటే సభలో చివరి పెద్దమనిషి చదివేది. థాంక్స్ ఆఫీసులో. మలాయివాళ్ళ తెరిమా కాసి చీనావాడి కొట్లో. తల్లి చేతిలోంచి గ్లాసు తీసుకుంటూ అనే మాట నాకేదీ తట్టలేదు. ఆ ఒక్క వాదనా ఆయన గెలిచాడు. మళ్ళీ అలాంటి అవకాశం ఇవ్వలేదు.

తరవాత ఎమర్జెన్సీ వచ్చింది, అడవిలో చేరి తిరగబడ్డ కమ్యూనిస్టుల మీద తెల్లవాళ్ళు పెట్టినది. లైన్లన్నీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. అడవిలో ఉన్నవాళ్ళకు తిండి వెళ్ళకూడదని పొద్దున్నే గేటు దగ్గర అందరినీ తడిమి వదిలేవారు. టిన్నులో అన్నం మెతుకు కనిపిస్తే చాలు, ఆ మనిషి పని అంతే. కిరాణీగారు కూడా ఆ వరసలోనే నిలబడాలి. ఆయన పుస్తకాన్ని అప్పటికే చెదలు చదివేశాయి. కానీ ఆయనకు అది కంఠతా వచ్చు. వరసలో నిలబడి వల్లె వేసుకునేవాడు. అసలు ప్రమాదం అదే.

ఒకనాడు వరసలో ఆయన గొడుగు జారి పడింది. వెనకనున్న కంగాణి వంగి, తీసి, బురద దులిపి ఇచ్చాడు. ఆ కంగాణి మనవాడే, మీసం ఒక్కటే మనిషంత. పరధ్యానంలో ఉన్న కిరాణీగారు గొడుగందుకుని "హావు" అన్నాడు. అంతటితో ఆగక, ఆ ధోరణిలోనే ఒక నిండు కటాబా వాక్యం చెప్పి, "రే" అని ముగించాడు.

కంగాణికి వినపడినవి రెండే. మొదట ఆవు. చివర రే.

వెనక రబ్బరు గీసే ఆడవాళ్ళు నవ్వారు. "ఎద్దన్నా బాగుండును మావా, ఆవనీసినాడు" అంది ఒకావిడ. కంగాణి తిన్నగా గేటు కాపలావాడి దగ్గరికి నడిచాడు. ఈ మనిషి అడవిలోవాళ్ళ రహస్య భాష మాట్లాడతాడు, రోజూ గొణుగుతాడు, నా చెవులతో విన్నాను అని చెప్పాడు. ఇదీ మనవాడి స్వాతంత్ర్య సమరం.

స్టేషన్లో ఉన్న దుబాసీకి తమిళం తప్ప రాదు. అందుకని నాకోసం జీపు పంపారు. నేను వెళ్ళేసరికి ముసలమ్మ అప్పటికే అక్కడుంది. రబ్బరుపాల లారీ ఆపి ఎక్కి వచ్చిందట. ఇంగ్లీషు ఆఫీసరు ముఖం తుడుచుకుంటూ కూర్చున్నాడు. చెడ్డవాడిలా లేడు, అలిసిపోయినవాడిలా ఉన్నాడు. అప్పటికి ఆయన అడిగిందీ కిరాణీగారు చెప్పిందీ ఇది.

ఏ భాష? కటాబా. ఎక్కడిది? అమెరికాది. ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. పుస్తకం ఏది? చెదలు తినేశాయి. ఎవరితో మాట్లాడతావు? ఎవరితోనూ మాట్లాడను.

నిజం చెప్పే మనిషి అంత అనుమానంగా కనిపించడం నేను మళ్ళీ చూడలేదు.

ఆఫీసరు నాతో విడమరిచి చెప్పాడు. ఈ దేశంలో పుట్టినవాడు కాదు. సరైన జవాబు రాకపోతే నిర్బంధం, ఆపైన ఓడ. ఆ రోజుల్లో దానికి విచారణ కూడా అక్కర్లేదు. నేను ముసలమ్మకు తెలుగులో చెప్పాను.

"ఓడెక్కించి ఎక్కడికి అంపుతారు?"

"ఇండియాకి. మీ ఊరికి."

"ఆడికి అక్కడెవులున్నారు? ఆడు మాటాడతే ఆల్లకేటి అర్తమవుద్ది?" అంది. కాసేపు కొడుకును చూసింది. తరవాత నావైపు తిరిగింది. "పంతులమ్మా, దొరకి సెప్పు. ఆడు మాటాడింది మా మాటే."

నేను ఆవిడ ముఖం చూశాను. కన్ను కూడా ఆర్పలేదు.

"మా శీకాకుళంవోల్లు అలగే మాటాడతారు. ఈ పట్నంవోల్లకి తెలవదు. సెప్పు."

చెప్పాను. గేటు దగ్గర అన్నది మళ్ళీ అనమని ఆఫీసరు కిరాణీగారిని అడిగాడు. ఆయన అన్నాడు. ప్రతి అక్షరం పలికి మరీ అన్నాడు. దానికి అర్థమేమిటని ఆఫీసరు ముసలమ్మను అడిగాడు.

"ఆవు తెంపుకు పోయింది, పట్టుకోండిరే అంటన్నాడు."

దాన్ని చక్కటి ఇంగ్లీషులో పెట్టాను. నా బి.ఏ. ఖర్చు ఆ రోజు గిట్టింది. కిరాణీగారి ముఖం చూడాలి, ఎవరో తన ఎదుటే పుస్తకం చింపుతున్నట్టు ఉంది.

కంగాణి గోడవార నిలబడి ఉన్నాడు. ఒక్క ప్రశ్న అడుగుతానని ఆఫీసరుతో చెప్పి ఆయనవైపు తిరిగాను.

"కంగాణిగారూ, ఈయన మిమ్మల్ని ఏమన్నాడు?"

"ఆవన్నాడు. నలుగురిలో."

"ఏ భాషలో ఆవు?"

"తెలుగులోనే. నాకు తెలుగు రాదనుకున్నావేటి?"

"మరి రహస్య భాష ఏదీ?"

కంగాణి ఆఫీసరునూ కిరాణీగారినీ మార్చి మార్చి చూశాడు.

"రహస్య భాషైతే మీకు అవమానం జరగలేదు. అవమానం జరిగితే రహస్యం లేదు. దొరగారికి రెండూ రాయమని చెప్పలేను. మీకేది కావాలి?"

మీసం నిమురుకుని, కంగాణి అవమానాన్నే ఎంచుకున్నాడు.

అక్కడితో అయిపోవాలి. కానీ ఆఫీసరు కలం పట్టుకుని, ఆ మనిషే ఒప్పుకోవాలి అన్నాడు. కిరాణీగారిని సూటిగా ఇంగ్లీషులో అడిగాడు, నువ్వు మాట్లాడేది నీ తల్లి భాషేనా అని.

అవును అంటే చాలు. ఇంటికి పోవచ్చు. ఆ మనిషి నోరు తెరవలేదు. అవునంటే, భాషే కాదని తను ఇన్నాళ్ళూ చెప్పినదాన్ని తన భాషని ఒప్పుకోవాలి. అంతకన్నా ఘోరం, ఆ నది ఒడ్డు ముసలమ్మలు గొంతు సవరించుకుంటే కూడా రాసుకున్న మాటలను ఇంకొకరివని చెప్పాలి. కాదంటే ఓడ. నాకైతే ఆలోచించేందుకు ఏమీ కనిపించలేదు. దగ్గరికి జరిగి, "కిరాణీగారూ, అవునని చెప్పండి" అన్నాను. నావైపు చూడలేదు.

ముసలమ్మ బతిమాలలేదు. "నిజమే సెప్తాడులే దొరా ఆడు. సిన్నప్పట్నించీ ఆడికి అదొక్కటే రోగం" అంది. అది నేను అనువదించలేదు.

కిరాణీగారు తల్లివైపు తిరిగాడు. అలవాటు ప్రకారం తల పక్కకు వంచాడు. కానీ ఈసారి వినడానికి కాదు. "హావు" అన్నాడు. అని, ఏదో మొదలుపెట్టి, తడుముకుంటూ, ఆగి మళ్ళీ ఎత్తుకుంటూ చాలాసేపు మాట్లాడాడు. వల్లె వేసినట్టు లేదు. కంఠతా వచ్చినదాంట్లో తడుముకోవడం ఉండదు. చివర "రే" అన్నాడు.

ముసలమ్మ ఆయన్నే చూస్తూ పైట సర్దుకుంది.

"సరే" అంది.

ఆఫీసరుకు మొదటి రే వినపడింది, జవాబులో ఇంకో రే వినపడింది. వీళ్ళకు ఒకరి మాట ఒకరికి తెలుస్తూనే ఉందే అని నాతో అని, ఏదో రాసి, వెళ్ళమన్నాడు.

బంటింగ్ నుంచి బస్సులో వచ్చాం.  సగం దారిలో కిరాణీగారు గొంతు సవరించుకున్నాడు. ఒక మంచి మాట చెప్పేపాటి మర్యాద ఉంటుందని నేనూ చెవి ఒగ్గాను.

"నువ్వు చెప్పిన అర్థం తప్పు. గేటు దగ్గర నేనన్నదాంట్లో ఆవు లేదు" అన్నాడు తల్లితో.

"మరేటుందిరా?" అంది ఆవిడ, బస్సంతా వినేలా.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. చెప్పలేదు. రా అన్నందుకు దిద్దనూ లేదు.

కిరాణీగారిది మన మాటేనట అని వారం తిరక్కుండా లైన్లన్నీ అనుకున్నాయి. క్లాంగ్ చేరేసరికి అది అమెరికాలో తెలుగైంది. బ్రిక్‌ఫీల్డ్స్ చేరి ఇప్పుడు మైకు ఎక్కింది. ఆ అబద్ధం నాదీ ఆ ముసలమ్మదీ. పని పడి ఆడాం, పని అయింది. చప్పట్ల కోసం దాన్ని వాడుకోవడానికి వీళ్ళెవరు? ఆయన రచనలు దొరికితే సంఘం అచ్చు వేస్తుందని అధ్యక్షుడు ప్రకటించాడు కూడా. ఏం రచనలు? ఆ మనిషి చదివాడు, గొణిగాడు, అందరినీ దిద్దాడు. ఒక్క ముక్క రాయలేదు.

మెర్దెకా రోజున బడి మైదానంలో జెండా ఎగరేశాం. తెలుగులో నాలుగు మాటలు చెప్పమని కిరాణీగారిని నిలబెట్టారు. ఆయన చెప్పిన తెలుగు నాకే సగం అర్థమైంది. సమాసాల మధ్య ఎక్కడా ఊపిరి లేదు. వెనకనుంచి ముసలమ్మ గొంతు వచ్చింది. "ఒరే బావూ, తెలుగులో సెప్పరా."

మైదానమంతా నవ్వింది. ఆయన ఆగాడు. "ఇంక మనం ఇక్కడోళ్ళమే. ఇంకేటీ నేదు" అని దిగిపోయాడు. ఆయన నోట నేదు అన్న మాట నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ ఏడాదే ఒక మధ్యాహ్నం ముసలమ్మ పక్కన కూర్చుని అడిగాను. స్టేషన్లో మీ అబ్బాయి అన్నదేమిటని.

"ఆడేటన్నాడో నాకు తెలుసులే" అంది మునగాకు దూస్తూ.

"ఏమన్నాడు?"

"సదువుకున్నదానివి గదా, నువ్వే సెప్పు."

ఆవిడ చెప్పకుండానే పోయింది. ఆయన్నూ అడిగాను. అనువాదానికి లొంగదన్నాడు. వాళ్ళ కుటుంబంలో జవాబు చెప్పే అలవాటు లేదు.

మరికొన్నాళ్ళకు ఇంగ్లీషు పేపర్లో ఒక మూల చిన్న వార్త వచ్చిందట, కటాబా తెలిసిన ఆఖరివాడని చెప్పుకునే ముసలాయన అక్కడ పోయాడని. కిరాణీగారు తలారా స్నానం చేసి, చేపల కూర మానేసి, మైల పట్టి కూర్చున్నాడు. తల్లి పోయిన మూడో నాటికే గడ్డం గీసుకుని ఆఫీసుకు వెళ్ళిన మనిషి. నేను ఊరుకుంటానా, ఆ మాటే అన్నాను.

ఆయన కోప్పడలేదు. "వాన మొదలయ్యే ముందు వచ్చే గాలికి అమ్మ ఒక మాట అనేది టీచరమ్మా. ఎంత తడిమినా రావడం లేదు. మీకు గుర్తుందా?" అన్నాడు.

నాకెలా గుర్తుంటుంది, బ్రిక్‌ఫీల్డ్స్‌లో పుట్టినదాన్ని. రైలెక్కి రావలసిన పండితుడు రాలేదు. వరండాలో ఉన్న పండితుడు అమెరికాలో ఉన్నాడు. ఆ మాట అన్నాను కూడా. గొడుగు చంకలోంచి జారింది. నేనే తీసి ఇచ్చాను. హావు అంటాడేమో అని చూశాను. అనలేదు.

కాబట్టి ఆ సంఘంవాళ్ళు ఆయన పటానికి దండ వేసుకోదలుచుకుంటే వేసుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. నాకు కావలసింది ఒక్క జవాబు, ఆ పటానికి అవతలా ఇవతలా చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆవేళ స్టేషన్లో ఆ ముసలమ్మ సరే అన్నది ఆవుకా, హావుకా?